టెక్ సందేహాలు: స్టార్ట్ నొక్కాక బాణం కీలు ఎందుకు పనిచేయవు?

ప్రశ్న: జావాలో విండోలు, బటన్లు తయారుచేసే స్వింగ్‌తో పాము ఆట రాస్తున్నాను. మొదట్లో బాణం కీలు బాగానే పనిచేశాయి. స్టార్ట్ బటన్ పెట్టినప్పటి నుంచి, దాన్ని మౌస్‌తో నొక్కితే ఆట మొదలవుతోంది గానీ పాము ఏ కీకీ తిరగడం లేదు. ఎర్రర్ కూడా రావడం లేదు. ల్యాబ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆట నడుస్తుండగా ఒకసారి స్పేస్ కొట్టి చూడండి. స్టార్ట్ మళ్లీ నొక్కినట్టు ఆట మొదటికొచ్చిందంటే తప్పు దొరికినట్టే. మౌస్‌తో నొక్కినప్పుడు ఫోకస్, అంటే కీబోర్డు ఎవరి మాట వినాలన్న హక్కు, ఆ బటన్ మీదకు వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది. కీ ఈవెంట్ (కీ నొక్కారన్న కబురు) ఎప్పుడూ ఫోకస్ ఎక్కడుంటే అక్కడికే వెళ్తుంది. ఆ కబురు వినే కోడ్‌ను, అంటే మీ కీ లిజనర్‌ను, ఆట కనిపించే ప్యానెల్‌కు తగిలించారు, కీలేమో బటన్‌కు చేరుతున్నాయి, ఇందులో జావా దృష్టిలో తప్పేమీ లేదు కాబట్టి ఎర్రర్ రాదు.

రేపే చూపించాలంటే బటన్ మీద సెట్‌ఫోకసబుల్‌ను ఫాల్స్ చేయండి, ప్యానెల్ మీద ట్రూ చేసి, విండో తెర మీదకు వచ్చాక రిక్వెస్ట్‌ఫోకస్‌ఇన్‌విండో పిలవండి. ప్యానెల్‌ను తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌లో పిలిస్తే లాభం లేదు, అప్పటికి ప్యానెల్ ఇంకా కనిపించదు.

కానీ ఇది అతుకు మాత్రమే. రేపు పేరు రాయడానికి ఒక టెక్స్ట్ ఫీల్డ్ పెడితే మళ్లీ ఇదే గొడవ. నేనైతే ఇలాంటి ఆటకు కీ లిజనర్ వాడనే వాడను, కీకి నేరుగా ఒక పని కట్టే కీ బైండింగ్స్ వాడతాను. ప్యానెల్ ఇన్‌పుట్ మ్యాప్‌ను 'వెన్ ఇన్ ఫోకస్డ్ విండో' అనే షరతుతో తీసుకుని ఎడమ బాణానికి ఒక పేరు పెట్టండి, యాక్షన్ మ్యాప్‌లో ఆ పేరుకు పాము తిరిగే కోడ్ కట్టండి, మిగతా మూడు బాణాలకూ అంతే. అప్పుడు ఫోకస్ బటన్ మీదున్నా, ఆ కీని బటన్ వాడుకోనంతవరకు, అది మీ ప్యానెల్‌కు అందుతుంది. టెక్స్ట్ ఫీల్డ్‌లో కర్సర్ ఉన్నప్పుడు మాత్రం ఎడమ, కుడి బాణాలు దానికే చెందుతాయి, అలా ఉండటమే న్యాయం కూడా.

ఇంకో మాట. కొందరు కీ లిజనర్‌లో కీ నొక్కగానే వచ్చే కీప్రెస్డ్ బదులు, అక్షరం పడినప్పుడు వచ్చే కీటైప్డ్‌లో కోడ్ రాసి బాణాల కోసం ఎదురుచూస్తుంటారు. బాణం కీ అక్షరం కాదు కాబట్టి దానికి కీటైప్డ్ రానే రాదు. అక్షరాలకు వచ్చినా అందులో ఏ కీ అన్నది చెప్పే గెట్‌కీకోడ్ ఎప్పుడూ సున్నాయే ఇస్తుంది.

ప్రశ్న: తెలుగు టైపింగ్ నేర్పే చిన్న ప్రోగ్రామ్ స్వింగ్‌లోనే రాశాను. పిల్లలు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'అమ్మ' అని కొడితే నాలుగు అక్షరాలని లెక్క చూపిస్తోంది. ఫొనెటిక్ కీబోర్డు పెడితే లెక్క పూర్తిగా తప్పుతోంది.
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మీరు చేస్తున్న పని నాకు చాలా నచ్చింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కీ వేరు, అక్షరం వేరు. ఇన్‌స్క్రిప్ట్‌లో 'అమ్మ' రావాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి నొక్కాలి. అంటే అ, మ, పొల్లు, మ. యూనికోడ్‌లోనూ ఆ మాట ఈ నాలుగు ముక్కలుగానే ఉంటుంది, కాబట్టి స్ట్రింగ్ పొడవు అడిగినా నాలుగే అంటుంది. పిల్లల కంటికి కనిపించేవి రెండే: అ, మ్మ. పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తు, గుణింతపు గుర్తు వస్తే అది ముందు హల్లుకే చెందుతుంది, సున్నా, విసర్గ వస్తే ముందున్న అక్షరానికే చెందుతాయి. ఈ నియమాలతో చిన్న ఫంక్షన్ రాసుకుని దానితో లెక్కపెట్టండి.

ఫొనెటిక్ సంగతి ఇంకో రకం. అక్కడ ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే ఇన్‌పుట్ మెథడ్ వాటిని మధ్యలో పట్టుకుని తెలుగు మాట తయారుచేసి ఇస్తుంది, ఏ కీ నొక్కారన్నది మీ ప్రోగ్రామ్‌కు సరిగ్గా అందకపోవచ్చు. కాబట్టి కీలను లెక్కపెట్టడం మానేయండి. టైపు చేసే పెట్టె అయిన జేటెక్స్ట్‌ఫీల్డ్‌లోని పాఠ్యానికి, అది మారినప్పుడల్లా చెప్పే డాక్యుమెంట్ లిజనర్ పెట్టి, పెట్టెలోకి ఏ పాఠ్యం చేరిందో అదే చూడండి. మాట పూర్తయిందని స్పేస్‌తోనో ఎంటర్‌తోనో తెలిశాకే తప్పొప్పులు దిద్దండి, పిల్లవాడు పొల్లు దగ్గరున్నప్పుడే ఎర్ర రంగు చూపిస్తే భయపడిపోతాడు. ఆ లిజనర్ లోపలి నుంచే పాఠ్యాన్ని మార్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది, ఆ పనిని కాస్త ఆగి చేసే ఇన్‌వోక్‌లేటర్‌కు అప్పగించండి.

ప్రశ్న: లాగిన్ విండోలో ఎంటర్ కొడితే ఓకే బటన్ పనిచేయాలి. ప్రతి టెక్స్ట్ ఫీల్డ్‌కూ కీ లిజనర్ పెట్టాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్కర్లేదండీ. విండోలోని అన్నింటినీ మోసే రూట్ పేన్ మీద సెట్‌డిఫాల్ట్‌బటన్ అని పిలిచి మీ ఓకే బటన్ ఇవ్వండి, ఒక్క లైను చాలు. ఏదైనా ఫీల్డ్‌కు విడిగా యాక్షన్ లిజనర్ పెట్టి ఉంటే మాత్రం తీసేయండి, అది ఉన్నంతవరకు ఎంటర్ దాని దగ్గరే ఆగిపోతుంది.