నల్ల గ్రానైట్ అనొచ్చా?

సందేహం: మా వంటింటి గట్టుకు వేయించిన నల్లరాయిని షాపులో గ్రానైట్ అనే ఇచ్చారు. డిగ్రీలో జియాలజీ చదువుతున్న మా అమ్మాయి అది గ్రానైటే కాదంటోంది. 'నల్ల గ్రానైట్' అని రాయడం తప్పా? పాఠాల్లో వచ్చే 'ఆమ్ల శిల' సంగతి కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీ అమ్మాయి చెప్పింది నిజం. అలాగని షాపువాళ్లను తప్పుపట్టలేను. పాలిష్ పట్టి అమ్మే గట్టిరాయి దాదాపు ఏదైనా వ్యాపారంలో గ్రానైటే, కాబట్టి బిల్లు మీదా ఇంట్లో మాటల్లోనూ నల్ల గ్రానైట్ అని నిక్షేపంగా అనొచ్చు. పాఠంలో మాత్రం కుదరదు, ఎందుకంటే అక్కడ అగ్నిశిలకు, అంటే కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాయికి, పేరు పెట్టేది రంగునుబట్టి కాదు, ఏ ఖనిజం ఎంత పాలు ఉందో చూసి.

లేపాక్షి వైపు వెళ్లినప్పుడు దారిపక్కన కొత్తగా పగిలిన గుండు కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి. మసక గాజులా మెరిసేది క్వార్ట్జ్, మన పలుగురాయి అదే. తెల్లగానో లేత గులాబీగానో నున్నటి ముఖాలతో ఉండేది ఫెల్డ్‌స్పార్. మధ్యమధ్య కనిపించే నల్లచుక్కలు చాలావరకు నల్ల అభ్రకం, సూదిమొనతో లేపితే రేకులుగా ఊడొస్తుంది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిపి 100 పాళ్లు అనుకుంటే అందులో క్వార్ట్జ్ 20 నుంచి 60 దాకా ఉంటేనే గ్రానైట్ లెక్కలోకి వస్తుంది, ఆపైన ఫెల్డ్‌స్పార్‌లో ఏ రకం ఎంత అనేదీ చూస్తారు.

మీ గట్టురాయి లాంటి వాటిలో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. ఫెల్డ్‌స్పార్‌లోనే ఒక రకమైన ప్లేజియోక్లేజ్, ముదురు రంగు ఖనిజమైన పైరాక్సీన్ ఎక్కువ. కణాలు పెద్దవైతే గాబ్రో, మధ్యరకమైతే డోలరైట్, కంటికి ఆననంత సన్నవైతే బసాల్ట్. మన జిల్లాలో గ్రానైట్‌ను చీల్చుకుంటూ గోడల్లా సాగే నల్లరాయి డోలరైటే.

ఇక 'ఆమ్ల శిల'. రాతిలోని సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) ఒక ఆమ్లం నుంచి వచ్చిందని 19వ శతాబ్దంలో అనుకున్నప్పుడు పుట్టిన పేరు అది. ఇప్పుడు సిలికా 63 శాతం దాటితే ఆమ్ల శిల, 45 నుంచి 52 మధ్య ఉంటే క్షార శిల అంటున్నారు, పులుపుతో ఏ సంబంధమూ లేదు, పిల్లలు తికమకపడేది అక్కడే. ఖనిజాల గురించే రాస్తున్నప్పుడు ఫెల్సిక్, మాఫిక్ అని తెలుగు లిపిలో రాసేయడమే మంచిదని నా అభిప్రాయం: మొదటిదాంట్లో ఫెల్డ్‌స్పార్, సిలికా, రెండోదాంట్లో మెగ్నీషియం, ఇనుము ఎక్కువ.

అన్నట్టు, నల్లగా ఉంది కదా అని కడప బండను కూడా గ్రానైట్ అనేస్తున్నారు కొందరు. అది సున్నపురాయి, అసలు అగ్నిశిలే కాదు.