ఆ ప్రోటీన్ పారిపోలేదమ్మా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కణానికి ఒత్తిడి తగిలితే అందులోని ఫస్ అనే ప్రోటీన్ ఏమవుతుందో రాసిన నీ చిత్తుప్రతి చదివాను. "ఒత్తిడి తగలగానే మారిన ఫస్ ప్రోటీన్ కేంద్రకం నుంచి పారిపోతుంది" అని మొదలుపెట్టావు. వినడానికి బాగానే ఉంది, క్రియాపదమే తప్పింది. ఫస్ మామూలు రోజుల్లోనూ కేంద్రకంలోకీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది. 526 అమైనో ఆమ్లాల గొలుసు అది. దాని తోకను ట్రాన్స్‌పోర్టిన్ అనే మరో ప్రోటీన్ పట్టుకుని కేంద్రక రంధ్రం గుండా లోపలికి చేరవేస్తుంది. పి525ఎల్ అనే మారిన రకంలో 525వ చోట ప్రోలీన్ పోయి లూసీన్ వచ్చింది. చివరి నుంచి రెండో పూస మారిందంతే, పట్టు జారింది. బయటికి వెళ్లింది తిరిగి రాలేక, కొత్తగా తయారైంది లోపలికి పోలేక కేంద్రకం బయటి కణద్రవ్యంలో పోగుపడుతుంది. ఒత్తిడి రాకముందే జరిగే పని ఇది. ఒత్తిడి వచ్చాక, అప్పటికే బయటున్న ఫస్, ఒత్తిడిలో కణం కట్టే చిన్న బొట్లైన స్ట్రెస్ గ్రాన్యూల్స్‌లోకి చేరుతుంది. ఈ రెండు మెట్లనూ ఒకే వాక్యంలో కుక్కకు.

'ఒత్తిడి' అనగానే మన పాఠకుడికి పరీక్షో, ఆఫీసో, బీపీయో గుర్తొస్తుంది. అందుకే ఆ మాట మొదటిసారి వాడినచోటే ఏ ఒత్తిడో, ఎంతో, ఎంతసేపో చెప్పెయ్. ప్రయోగశాలల్లో తరచూ వాడేది సోడియం ఆర్సెనైట్ అనే విషం, 0.5 మిల్లీమోలార్, అరగంట నుంచి గంట. లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాములని రాస్తే ఇంకా నయం. ఇది ఎందుకంత ముఖ్యమంటే, ప్రయోగశాలల్లో పెంచే హీలా అనే మనిషి కణాల్లో మామూలు ఫస్ ఆర్సెనైట్‌కి పెద్దగా కదలదు, కేంద్రకంలోనే ఉంటుంది. అదే 0.4 మోలార్ సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం పోస్తే, అంటే లీటరుకు 73 గ్రాములు, ఏ మార్పూ లేని ఫస్ కూడా బయటికొచ్చేస్తుంది.

'వేరియంట్' అన్నా చిక్కే, కరోనా తర్వాత అది వైరస్ సొత్తయిపోయింది. "ఒక్క అమైనో ఆమ్లం మారిన ఫస్" అంటే సరిపోతుంది.

గ్రాన్యూల్స్‌ని 'సంచులు' అన్నావు. వాటికి పొర లేదు. ఆర్సెనైట్ దెబ్బకి ఈఐఎఫ్2 ఆల్ఫా అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగులుకుంటుంది, దాంతో ప్రోటీన్ల తయారీ మొదలవ్వడమే ఆగిపోతుంది. పని మధ్యలో ఉన్న రైబోజోములు, అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు, దిగిపోయాక ఆ తయారీ సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏ బోసిగా మిగులుతుంది, దాని చుట్టూ జీ3బీపీ1 వగైరా ప్రోటీన్లు చేరి బొట్లుగా కూడతాయి. సైక్లోహెక్సిమైడ్ అనే మందు పోస్తే రైబోజోములు ఎక్కడివక్కడే బిగుసుకుంటాయి, బొట్లు కట్టవు. ఈ ఒక్క ముక్క రాస్తే కార్యకారణం పాఠకుడికి తేటపడుతుంది. పోలిక కావాలంటే చారు మీద నూనె బొట్లు చెప్పు, దగ్గరికొస్తే కలిసిపోతాయి కదా. అయితే నూనె బొట్టు కరగదు, ఇవి ఆర్సెనైట్ కడిగేశాక గంటా రెండు గంటల్లో మాయమవుతాయి. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. ఏఎల్ఎస్ (కండరాల్ని కదిలించే నాడీకణాలు చచ్చిపోయే జబ్బు) రోగుల నాడీకణాల్లో కనిపించే గట్టి ముద్దలు వీటి నుంచే పుడతాయన్నది ఇంకా తేలని వాదన. తేలినట్టు రాయకు.

పరిశోధన పత్రంలో ముందు బొమ్మలు కాదు, పద్ధతుల భాగం చూడు. అది కణం సొంత ఫస్సా, ప్లాస్మిడ్‌తో, అంటే బయటి నుంచి జన్యువును మోసుకొచ్చే డీఎన్‌ఏ చుట్టతో, అతిగా తయారు చేయించిందా? అతిగా ఉంటే ఏ ఒత్తిడీ లేకుండానే గుంపులు కట్టొచ్చు. ఎన్ని కణాలు లెక్కపెట్టారు, లేక అందమైన ఒక్క కణాన్నే చూపించారా? ఫొటో ఒక్క పొరదా, అన్ని పొరలూ కలిపి అణిచిందా? కలిపితే కేంద్రకం పైనున్న కణద్రవ్యం కూడా కేంద్రకంలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంక్యుబేటర్ నుంచి తీసిన ప్లేటు బల్ల మీద చల్లారినా కణానికి అదీ ఒక ఒత్తిడే. అందుకే మందు వెయ్యని కణాల్నీ అంతే సేపు, అలాగే ఉంచారో లేదో వెతుకు.

మొదటి రెండు పేరాలూ తిరగరాసి పంపు. బొమ్మ కింద స్కేలు గీత ఎన్ని మైక్రోమీటర్లో రాయలేదు, అదీ చేర్చు.