పాత ఫ్లాట్ అమ్మి కొత్తది కొనాలి... ఏది ముందు?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. 2013-14లో రిజిస్ట్రేషన్‌తో కలిపి రూ.36 లక్షలైంది. ఇప్పుడు రూ.85 లక్షలు పలుకుతోంది. దానిపై ఇంకా రూ.16 లక్షల లోన్ ఉంది. రూ.1.25 కోట్లలో ఒక ట్రిపుల్ బెడ్‌రూమ్ రెడీ ఫ్లాట్ చూశాం. చేతిలో ఉన్నది రూ.12 లక్షలు. ముందు అమ్మాలా, ముందు కొనాలా? ఆలస్యం చేస్తే పన్ను పడుతుందని చుట్టాలు తొందరపెడుతున్నారు.

జవాబు: పన్ను విషయంలో మీకు తొందరేమీ లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 54 కింద, పాత ఇల్లు అమ్మిన తేదీకి ఏడాది ముందు కొన్నా, ఆ తర్వాత రెండేళ్లలోపు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా మినహాయింపు దొరుకుతుంది. 2025-26లో అమ్మితే మీ లాభం రూ.49 లక్షలు. కొత్త ఇంటికి అంతకు రెట్టింపుకు పైగా పెడుతున్నారు కాబట్టి పన్ను సున్నా. అసలు ఇల్లే కొనకపోయినా, 2024 జూలై 23కు ముందు కొన్న ఫ్లాట్ గనుక రెండు లెక్కల్లో తక్కువదే కట్టొచ్చు: 12.5 శాతం చొప్పున రూ.6.12 లక్షలు, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కేస్తే) 20 శాతం చొప్పున సుమారు రూ.4.69 లక్షలు. సెస్సు అదనం. చుట్టాల భయం అంతవరకే.

మీకు ఇరుకైన చోటు వేరే ఉంది: చేతిలో డబ్బు, బ్యాంకులో కాగితాలు.

ముందు కొంటే ఏమవుతుందో చూడండి. రూ.75 లక్షలు దాటిన హోమ్ లోన్‌కు ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. అంటే మీకు వచ్చేది మహా అయితే రూ.93.75 లక్షలు. మిగతా రూ.31.25 లక్షలు మీరే పెట్టుకోవాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, మరో రూ.9.37 లక్షలు. దీనికి లోన్ లెక్కలో చోటు లేదు. మొత్తం రూ.40 లక్షలు దాటింది, మీ దగ్గరున్నవి పన్నెండు. పైగా 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే కొత్త ఈఎంఐ రూ.81 వేలు, దాని మీద పాత ఈఎంఐ. పాతది అమ్ముడుపోయేదాకా ఇచ్చే తాత్కాలిక అప్పు, బ్రిడ్జ్ లోన్ తీసుకుని నెట్టుకురావచ్చు గానీ, నెలలు గడిచేకొద్దీ పాత ఫ్లాట్ వచ్చినకాడికి వదిలించుకోవాల్సి వస్తుంది. అమ్మేవాళ్ల అవసరాన్ని బ్రోకర్లు ఇట్టే పసిగడతారు.

అలాగని ముందు అమ్మేసి అద్దె ఇంటికి మారక్కర్లేదు. ముందు జరగాల్సింది అమ్మకం అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రేషన్‌కు 90 రోజుల గడువు పెట్టుకోండి. ఈ 90 రోజులు ఎక్కువేం కాదు. మీ ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులో ఉన్నాయి. కొనేవాళ్లు కూడా లోన్ మీదే కొంటారు. వాళ్ల బ్యాంకుకు ఆ ఒరిజినల్స్ కావాలి. చాలా బేరాలు ఆగిపోయేది ఇక్కడే. అందుకని బయానా 20 శాతం, అంటే రూ.17 లక్షలు అడగండి. అందులో రూ.16 లక్షలు నేరుగా మీ లోన్ ఖాతా నంబరు రాసిన చెక్కుగా ఇమ్మనండి. వాళ్లకూ ధైర్యంగా ఉంటుంది. ముందే మీ బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే లేఖ), బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తీసుకుని కొనేవాళ్లకు చూపించండి. బయానా నగదుగా మాత్రం వద్దు, రూ.20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలి, లేదంటే బ్యాంకు తప్పుతో జరిగిన ఆలస్యానికి రోజుకు రూ.5,000 పరిహారం, 2023 డిసెంబరు 1 నుంచి ఆర్‌బీఐ పెట్టిన నియమం ఇది. కాగితాలు చేతికొస్తే పనైపోయినట్టు కాదు. లోన్ తీసుకున్నప్పుడు ఎంఓడీ (ఒరిజినల్స్ బ్యాంకులో తనఖా పెట్టినట్టు రాసిన పత్రం) రిజిస్టర్ అయి ఉంటే దాన్ని రద్దు చేయించాలి. లేకపోతే ఈసీలో (ఆస్తి మీద ఏ అప్పులున్నాయో చూపే ధ్రువపత్రంలో) బ్యాంకు పేరు అలాగే ఉంటుంది, ఎదుటి బ్యాంకు లాయరు దాన్ని పట్టుకుంటాడు. ఆ తర్వాతే లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, లోన్ విడుదల.

కొనేవాళ్లిచ్చిన చెక్కు పాత లోన్‌లో జమయ్యాక కొత్త ఫ్లాట్‌కు అగ్రిమెంటు రాసుకోండి. బయానా రూ.5 లక్షలు దాటనివ్వకండి. రిజిస్ట్రేషన్ గడువు మీ అమ్మకం గడువు కంటే కనీసం నెల ఆలస్యంగా ఉండాలి. టైటిల్‌ను బ్యాంకు ఒప్పుకోకపోతే బయానా వాపసు అన్న వాక్యం తప్పనిసరి. అమ్మిన ఫ్లాట్‌లో రిజిస్ట్రేషన్ తర్వాత 45 రోజులు అద్దెకు ఉండేలా అమ్మకం అగ్రిమెంటులోనే రాయించండి. తాళాలిచ్చే దాకా లక్ష రూపాయలు వాళ్ల దగ్గరే ఉంచుతామంటే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. లోన్, ఒక శాతం టీడీఎస్ (కొనేవాళ్లు ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను), ఒక శాతం బ్రోకరేజీ పోను అమ్మకంలో రూ.67.3 లక్షలు మిగులుతాయి. రూ.65 లక్షల లోన్ తీసుకుంటే ఈఎంఐ రూ.56 వేల చిల్లర. కొత్త ఫ్లాట్ బ్రోకరేజీ కూడా పోగా మీ పన్నెండు లక్షల్లో ఎనిమిదికి పైగా ఇంటీరియర్‌కు ఉంటాయి.

కొనేవాళ్లు పట్టుకున్న ఆ రూ.85 వేలు రిటర్నులో రీఫండ్‌గా తెచ్చుకోవచ్చు. మీ పాన్, ఆధార్ లింక్ లేకపోతే మాత్రం 20 శాతం పట్టుకోవాల్సి వస్తుంది. కొనేటప్పుడు ఆ బాధ్యత మీదే: రూ.1.25 కోట్ల మీద ఒక శాతం, బయానాతో సహా ప్రతి చెల్లింపులోనూ. ఆ పన్నును ఆన్‌లైన్ ఫారంతో (2026 మార్చి వరకు అది 26క్యూబీ) కట్టాలి, చెల్లించిన నెల ముగిశాక 30 రోజుల్లో. మరిచిపోతే రోజుకు రూ.200.

పాత ఫ్లాట్ ఎవరి పేరున ఉందో కొత్తది కూడా వాళ్ల పేరునే కొనండి. భార్య పేరున ఉన్నది అమ్మి భర్త పేరున కొంటే మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. 2026 జూలై 31, అంటే రిటర్ను గడువులోగా కొత్త రిజిస్ట్రేషన్ కాకపోతే, లాభంలో ఇంకా ఖర్చు చేయని భాగాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఎఫ్‌డీ పనికిరాదు. ఆ ఖాతా నుంచి తీసిన సొమ్మును 60 రోజుల్లో ఇంటి కోసమే వాడాలి.