గ్రిడ్‌ని ఒకచోట కూర్చుని ఎవరైనా నడుపుతారా?

దేశమంతా ఒకే కరెంటు గ్రిడ్ కదా, దాన్ని ఎవరు నడుపుతారు, ఒక లైను పోతే సగం దేశం ఎందుకు చీకటవుతుంది అని అడిగారు. నేను 132 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చాలా ఏళ్లు చేశాను. ఆ కంట్రోల్ రూమ్‌లోంచి కనిపించినంత చెబుతాను.

మొత్తాన్ని ఒక్కచోట నుంచి నడిపేవాళ్లు లేరు. ఢిల్లీలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో, విజయవాడలో లోడ్ డిస్పాచ్ సెంటర్లు ఉన్నాయి. ఎవరు ఎంత ఉత్పత్తి చేయాలో, ఎంత వాడుకోవాలో షెడ్యూళ్లు వేస్తాయి, ఫోన్లు చేస్తాయి. మా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి పోయే లైను) ఎవరి పొలానికి పోతుందో ఢిల్లీకి తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

అందరికీ ఒకేసారి తెలిసేది ఫ్రీక్వెన్సీ ఒక్కటే, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. 50 హెర్ట్జ్ దగ్గరుంటే నిశ్చింత. వాడకానికి ఉత్పత్తి చాలకపోతే టర్బైన్లన్నీ కాస్త నెమ్మదిస్తాయి, మీటర్ కిందికి జారుతుంది. శ్రీశైలం టర్బైన్‌కి నీళ్లు వదిలే గవర్నర్ (రాజ్‌భవన్ గవర్నర్ కాదు) అయినా, మా ప్యానెల్లో రిలే (తేడా కనిపిస్తే లైను తెంపే పరికరం) అయినా ఎవర్నీ అడక్కుండా ఆ అంకెను బట్టే పని చేస్తాయి.

వరి పొట్టకొచ్చిన రోజుల్లో ఒకసారి పది మెగావాట్లు తగ్గించమని ఫోన్ వచ్చింది. వ్యవసాయ ఫీడర్ తీయడానికి మనసొప్పక రెండు నిమిషాలు నానబెట్టాను. ఈలోగా అండర్ ఫ్రీక్వెన్సీ రిలే పనిచేసి టౌన్ ఫీడర్ ఠక్కుమని పోయింది. ఊళ్లో ఆసుపత్రి దాని మీదే ఉంది. ఆ రాత్రి తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే.

2012 జులై 30న తెల్లవారుజామున రెండున్నరకు ఉత్తర గ్రిడ్ కూలడం మరో రకం. మధ్యప్రదేశ్‌లోని బీనా–గ్వాలియర్ 400 కేవీ దారిలో రెండు సర్క్యూట్లలో (లైన్లలో) ఒకటి పనుల కోసం ఆపి ఉంది. రెండోదాని మీద లోడు బాగా పెరిగింది. షార్ట్ సర్క్యూట్ ఏమీ లేదు. అంత లోడు చూసి, దూరాన ఎక్కడో ఫాల్ట్ ఉందనుకుని రిలే లైను తెంపేసింది. తన సెట్టింగ్ ప్రకారం దాని తప్పేం లేదు, తన లైను మీద కొలిచింది తప్ప మిగతా గ్రిడ్ దానికి కనిపించదంతే. ఆ భారం పక్క లైన్ల మీద పడి అవీ తెగాయి. మర్నాడు మధ్యాహ్నం ఉత్తరంతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లూ పోయాయి.

మా దక్షిణ గ్రిడ్ కూలలేదు. అప్పట్లో దక్షిణాదికి మిగతా దేశంతో గాజువాక లాంటి చోట్ల డీసీ లింకులే (కరెంటును ఏసీ నుంచి డీసీకి మార్చి పంపేవి) ప్రధానంగా ఉండేవి, అటు ఫ్రీక్వెన్సీ ఊగినా ఇటు రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిపారు. కరెంటు తెచ్చుకోవడం తేలికైంది కాబట్టి కలపడమే మంచిదంటాను. కాకపోతే ఆ తర్వాత కొన్ని నైట్ షిఫ్టుల్లో, ఇక్కడ ఏమీ జరక్కుండానే డిజిటల్ మీటర్లో చివరి అంకెలు జారేవి. ఉత్తరాన ఎక్కడో పెద్ద యూనిట్లు పడిపోయాయని తెల్లారి తెలిసేది.