పాఠకుల ప్రశ్నలు: విదేశాల్లోని సైనిక బడుల్లో టీచర్ ఉద్యోగాలు

ప్రశ్న: ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను. ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. జర్మనీలోని అమెరికా ఆర్మీ స్కూల్లో ఉద్యోగం ఉందంటూ ఒక కన్సల్టెన్సీ వాళ్లు వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపించారు. ఇంటర్వ్యూ ఏమీ జరగలేదు. ప్రాసెసింగుకు లక్షన్నర కట్టమంటున్నారు. మా నాయన బంగారం కుదువ పెడతామంటున్నారు. కట్టొచ్చునా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: కట్టొద్దు. బంగారం ఇంట్లోనే ఉంచమని చెప్పండి.

విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాల దగ్గర బడులు నిజంగానే ఉన్నాయి. 1946లో జర్మనీ, ఆస్ట్రియా, జపాన్‌లలో మొదలయ్యాయి. ఇప్పుడు వాటిని నడిపేది అమెరికా రక్షణ శాఖలోని డిపార్ట్‌మెంట్ ఆఫ్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్టివిటీ. అందరూ డోడియా అంటారు. అందులో టీచర్ అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లనే తీసుకుంటారు, గ్రీన్ కార్డు కూడా చాలదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా ఇప్పించి తెచ్చుకునే పద్ధతే లేదు. ఆ దేశపు భాష, సంస్కృతి నేర్పడానికి కొద్దిమంది స్థానికులను పెట్టుకుంటారు. జర్మనీ బడిలో ఆ అవకాశం జర్మన్ వాళ్లకే తప్ప మనకు రాదు.

లెటర్ దొంగదని చెప్పడానికి ఇంకా రెండు గుర్తులున్నాయి. అమెరికా ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు రుసుమే ఉండదు. ఎంపికైన వాళ్లకు కూడా ముందు తాత్కాలిక ఆఫర్ ఇస్తారు. వేలిముద్రలు, పాత చరిత్ర, సర్టిఫికెట్ల తనిఖీ అన్నీ ముగిశాకే ఖాయమైన ఆఫర్ వస్తుంది. ఇంటర్వ్యూ లేకుండా నేరుగా ఖాయం లెటర్, అదీ జీమెయిల్ నుంచో వాట్సాప్ నుంచో వచ్చిందంటే ఇక ఆలోచించాల్సింది లేదు.

ఏ దేశానికైనా సరే, ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ల పేరు కొడితే నంబరు, గడువు కనిపిస్తాయి. లైసెన్సున్న ఏజెంటు కూడా మీ దగ్గర తీసుకోగలిగిన సర్వీసు చార్జి రూ. 30,000, దానిపై జీఎస్టీ. అంతే. దానికి రసీదు ఇవ్వాలి. ఇప్పటికే అడ్వాన్సు వేసి ఉంటే ఈరోజే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, బ్యాంకుకూ చెప్పండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారి దొరకదు. కోపంతో చాట్ డిలీట్ చేయకండి, మీ దగ్గరున్న సాక్ష్యం అదే.

ప్రశ్న: మా పాప అనంతపురంలో బీఎస్సీ, బీఈడీ చేసింది. రెండూ ఎస్కే యూనివర్సిటీవే. పెళ్లయ్యాక డల్లాస్ వెళ్లింది, పోయినేడు అమెరికా పౌరసత్వం వచ్చింది. టెక్సాస్ టీచర్ సర్టిఫికెట్ తీసుకుని పబ్లిక్ స్కూల్లో సైన్స్ చెప్తోంది. జపాన్‌లోనో ఇటలీలోనో ఉండే సైనిక బడులకు అప్లై చేస్తానంటోంది. అల్లుడికి ఇంకా గ్రీన్ కార్డే. ఇక్కడి నుంచి మేం ఏ కాగితాలు తీసి పంపాలి?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ అమ్మాయికి దారి తెరిచే ఉంది. కాగితాల పనే ఎక్కువ, అందులో సగం మీ ఊళ్లోనే.

భారతీయ డిగ్రీ అమెరికా డిగ్రీకి ఎంతకు సమానమో లెక్కగట్టి చెప్పే సంస్థలున్నాయి. నేసెస్ అనే సంఘంలో సభ్యత్వం ఉన్న సంస్థనే ఎంచుకోమనండి. అక్కడ రెండు రకాల నివేదికలు దొరుకుతాయి. చవకైన దాంట్లో డిగ్రీ పేరు, సమానత మాత్రమే ఉంటాయి. అది ఇక్కడ పనికిరాదు. ఫిజిక్స్‌లో ఎన్ని క్రెడిట్లు, కెమిస్ట్రీలో ఎన్ని, టీచింగ్ మెథడ్స్‌లో ఎన్ని అని విడివిడిగా చూపే కోర్సు వారీ నివేదికే కావాలి. ఏ సబ్జెక్టు టీచర్‌గా అర్హత ఉందో తేల్చేది ఆ క్రెడిట్లే. టెక్సాస్ సర్టిఫికెట్ కోసం ఇదివరకే ఇలాంటిది చేయించి ఉంటే, అది కోర్సు వారీదో కాదో ముందు చూసుకోమనండి. మళ్లీ డబ్బు పెట్టనక్కర్లేకపోవచ్చు.

మన మూడేళ్ల బీఎస్సీతో ఒక చిక్కుంది. అక్కడ డిగ్రీ నాలుగేళ్లు. మూడేళ్ల డిగ్రీని ఒక్కదాన్నే పంపితే కొన్ని సంస్థలు పూర్తి డిగ్రీగా ఒప్పుకోవు, బీఈడీతో కలిపితే ఒప్పుకుంటాయి. అందుకని రెండూ ఒకేసారి, ఒకే ఫైలులో వెళ్లాలి.

ఇక మీ వంతు. మార్కుల మెమోల జిరాక్సు వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు. ట్రాన్స్‌క్రిప్ట్ యూనివర్సిటీ పరీక్షల విభాగం ఇవ్వాలి. కవరు అతికించి, అతుకు మీద సంతకం, ముద్ర వేసి ఇస్తారు. దాన్ని విప్పారంటే చెల్లదు. లోపల సరిగ్గా ఉందో లేదో చూద్దామని విప్పేవాళ్లు చాలామంది, అందుకే రెండు సెట్లు తీసుకోండి. మీ అమ్మాయి ముందుగా సంస్థలో ఫైలు తెరిచి రెఫరెన్సు నంబరు తీసుకోవాలి, ఆ నంబరు కవరు మీద రాయించాలి. నంబరు లేని కవరు అక్కడ ఏ ఫైలుకూ చేరదు. ఒరిజినల్ డిగ్రీ, అంటే ఓడీ, ఇప్పటిదాకా తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే నెట్టుకొస్తున్న ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. మీ ఇంట్లోనూ అంతే అయితే దానికీ ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

పేర్ల సంగతి అన్నిటికంటే ముఖ్యం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో అదే తిరగేసి చివర, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పౌరసత్వ పత్రంలో భర్త ఇంటిపేరు. మన ఆడపిల్లల కాగితాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అక్కడ ఫైలు చూసే వ్యక్తికి వీళ్లు నలుగురు మనుషులు. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ ఒకటి, ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధం చేయండి. అఫిడవిట్‌లో ప్రతి కాగితంలో పేరు ఎలా పడిందో అక్షరం పొల్లుపోకుండా రాయించాలి. ‘ఇంకా ఇతర పేర్లు’ అని తేల్చేస్తే ఆ అఫిడవిట్ ఎందుకూ కొరగాదు.

దరఖాస్తు డోడియా సొంత వెబ్‌సైటులో ఆన్‌లైన్‌లోనే. సబ్జెక్టులు, వెళ్లగలిగిన ప్రాంతాలు అడుగుతారు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఒకినావా లేదా నేపుల్స్ అని ఒక్క ఊరే టిక్కు పెడితే ఏళ్లు గడిచినా పిలుపు రాకపోవచ్చు. స్థావరంలో ఇప్పటికే ఉన్న సైనికుల భార్యలు, భర్తలకు ముందు వరుస ఉంటుంది, పేరున్న ఊళ్లలో ఖాళీలు వాళ్లతోనే నిండుతాయి. ఎక్కడికైనా సరే అన్నవాళ్లకే అవకాశం ఎక్కువ. కొరియాకు, బహ్రెయిన్‌కు వెళ్లి అనుభవం తెచ్చుకుని, తర్వాత బదిలీ కోరుకోవడం తెలివైన దారి. మ్యాథ్స్, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఒకటికి రెండు అర్హతలుంటే చిన్న బడులు ఇష్టపడతాయి.

పాత చరిత్ర తనిఖీలో గత అయిదేళ్లలో ఉన్న ఇళ్ల అడ్రసులన్నీ నెలలతో సహా అడుగుతారు. కాన్పుకని అనంతపురంలో నాలుగు నెలలుంటే అదీ రాయాలి. మధ్యలో ఖాళీ వదిలితే ఫైలు ఆగుతుంది.

అమెరికా నుంచి ఎంపికై వెళ్తే ప్రయాణ ఖర్చు, సామాను రవాణా ప్రభుత్వానివే. విదేశీ స్థావరాల్లో చాలాచోట్ల ఇంటి అద్దె భత్యం కూడా వస్తుంది. సొంత ఖర్చుతో ముందే అక్కడికి చేరి స్థానికంగా ఉద్యోగం పట్టినవాళ్లకు మామూలుగా ఇవి ఉండవు. చేరాక ఒక విద్యా సంవత్సరం పూర్తి కాకుండానే సొంత కారణాలతో మానేస్తే ప్రయాణం డబ్బు తిరిగి కట్టాలి.

అల్లుడి గ్రీన్ కార్డు గురించి ఆఫర్ రాగానే చెప్పాలి, దాచకూడదు. ఎక్కువ కాలం అమెరికా బయట ఉంటే గ్రీన్ కార్డుకు ఇబ్బంది. అయితే అమెరికా ప్రభుత్వ ఉద్యోగిగా విదేశంలో నియమితులైన పౌరుల భార్యకో భర్తకో త్వరగా పౌరసత్వం ఇచ్చే వీలు వాళ్ల వలస చట్టం 319(బి) సెక్షన్‌లో ఉంది. మామూలుగా ఉండాల్సిన మూడేళ్ల నివాస నిబంధన అందులో వర్తించదు. వెళ్లే ముందే ఇమిగ్రేషన్ లాయరును కలవమనండి. అల్లుడిది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైతే, దాన్ని ఇంకో దేశంలో కూర్చుని చేయడానికి కంపెనీ అనుమతి, ఆ దేశపు పన్ను, పని అనుమతి నిబంధనలు చూసుకోవాలి. ‘వైఫై ఉంటే చాలు కదా’ అంటే కుదరదు.

ప్రశ్న: మా ఆయన ఇంగ్లండ్‌లో నర్సు. నేను డిపెండెంట్ వీసాపై వెళ్తున్నాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ ఉంది. సైప్రస్‌లోని బ్రిటిష్ సైనిక బడుల్లో టీచర్లను తీసుకుంటారని విన్నాను.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: బ్రిటన్ రక్షణ శాఖకు సైప్రస్‌లో బడులున్నమాట నిజం. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, బ్రిటన్‌లో పనిచేసే హక్కు ఉన్నవారికి పాస్‌పోర్టు ఒక్కటే అడ్డు కాదు. అసలు అడ్డు క్యూటీఎస్, అంటే ఇంగ్లండ్ ప్రభుత్వం టీచర్‌గా గుర్తించే అర్హత. 2023 ఫిబ్రవరి నుంచి మన బీఈడీతో నేరుగా దానికి దరఖాస్తు చేయొచ్చు. 11–16 ఏళ్ల పిల్లలకు మ్యాథ్స్, సైన్స్ లేదా భాషలు చెప్పే అర్హత ఉండాలి, మీ ఫిజిక్స్ సరిపోతుంది. సోషల్ వాళ్లకు ఈ దారి లేదు. దరఖాస్తుకు రుసుము లేదు, అడిగినవాళ్లు దళారులే.

సైప్రస్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఇంగ్లండ్ బడిలో ఒకటి రెండేళ్లు చెప్పండి. అక్కడి హెడ్ టీచర్ రెఫరెన్సు లేని దరఖాస్తును పట్టించుకునేవాళ్లు తక్కువ. బయల్దేరే ముందే పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో పోలీస్ క్లియరెన్స్ తీసుకోండి. ప్రస్తుతం ఉండే అడ్రసే రాయండి. పుట్టింటి అడ్రసు రాసి అత్తగారింట్లో ఉంటే పోలీసు వచ్చినప్పుడు ‘ఇక్కడ లేరు’ అని రాసి వెళ్తారు.

ప్రశ్న: విదేశీ పౌరసత్వం లేని మాలాంటివాళ్లకు మన సైన్యం బడుల్లో అవకాశం ఎలా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఆర్మీ పబ్లిక్ స్కూళ్లకు ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆన్‌లైన్ స్క్రీనింగ్ పరీక్ష పెడుతుంది. అది గట్టెక్కితే స్కోర్ కార్డు వస్తుంది, ఉద్యోగం కాదు. గోల్కొండ, బొల్లారం లాంటి బడులు సొంతంగా ప్రకటన ఇచ్చినప్పుడు ఆ కార్డుతో మళ్లీ దరఖాస్తు పెట్టి ఇంటర్వ్యూకు, డెమో క్లాసుకు వెళ్లాలి. కార్డు వచ్చిందని ఇంట్లో కూర్చుని పిలుపు కోసం చూసేవాళ్లకు ఏ పిలుపూ రాదు. టీజీటీ (హైస్కూల్ టీచర్), పీఆర్టీ (ప్రైమరీ టీచర్) పోస్టులకు సీటెట్ లేదా టెట్ అనే టీచర్ అర్హత పరీక్ష కూడా చూస్తారు.

విదేశమే కావాలంటే కేంద్రీయ విద్యాలయాలు కాఠ్మాండూ, మాస్కో, టెహ్రాన్‌లలో ఉన్నాయి. అవి సైన్యానివి కావు. అక్కడికి ఇప్పటికే కేవీ ఉద్యోగంలో ఉన్నవాళ్లను ఎంపిక చేసి పంపుతారు, కాబట్టి ముందు ఇక్కడ రెగ్యులర్ పోస్టు కొట్టాలి. మనకు దగ్గరలో కలికిరి సైనిక్ స్కూల్ ఉంది. రెగ్యులర్ టీజీటీ పోస్టుకు మూల వేతనం రూ. 44,900తో మొదలవుతుంది. ప్రకటనలో రెగ్యులర్ అనీ కాంట్రాక్టు అనీ వేర్వేరుగా ఉంటాయి. కాంట్రాక్టు జీతం చాలా తక్కువ, ఆ మాట చూసుకున్నాకే ఇప్పుడున్న ఉద్యోగం వదలండి.