కట్టెల పొయ్యి లోపలి ఇటుక పగిలితే మార్చాల్సిందేనా?

"వెనుక ఇటుకలో రెండు పగుళ్లు వచ్చాయి, ఒక మూల పెచ్చు ఊడింది. సిమెంటుతో పూడ్చి వాడుకోవచ్చా, లేక లోపలి అస్తరు మొత్తం మార్చాలా?" అని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే రెండూ అవసరం లేదు. ఇళ్లు కట్టే మామూలు సిమెంటు జోలికి మాత్రం అసలు వెళ్లకండి. ఆ పని ఒకసారి చేసి చూసినవాడిని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా ఇంట్లో ఉన్నది చలికాలంలో గదిని వేడి చేసే, గాజు తలుపు ఉన్న ఇనుప పొయ్యి. కొన్న రెండో చలికాలంలోనే వెనుక ఇటుక అడ్డంగా పగిలింది. ఇంట్లో మిగిలి ఉన్న సిమెంటులో ఇసుక కలిపి, తాపీతో నున్నగా మెత్తాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. మూడో రోజు మంట బాగా అందుకున్న వేళ లోపల టప్పున చప్పుడయింది. చల్లారాక తలుపు తీసి చూస్తే నా పనితనమంతా పెచ్చులు పెచ్చులుగా బూడిదలో పడి ఉంది. పోతూ పోతూ ఇటుక ముఖాన్ని కూడా కొంత ఊడబెరుక్కుని పోయింది. సిమెంటు గట్టిపడేది నీటిని తనలో కలుపుకోవడం వల్ల. వేడి 400, 500 డిగ్రీలకు చేరేసరికి ఆ నీరు చాలావరకు విడిపోతుంది, దానితోపాటే పట్టూ పోతుంది. పూత పూర్తిగా ఆరకముందే మంట పెడితే లోపల చిక్కిన తేమ ఆవిరై, బయటికి దారి లేక పూతను పగలగొడుతుంది. నా విషయంలో రెండూ జరిగి ఉంటాయి.

ఇక అసలు సంగతి. ఇటుక పగలడం జబ్బు కాదు. వేడికి సాగి, చల్లారితే ముడుచుకునే వస్తువు ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. పగిలిన రెండు ముక్కలూ కదలకుండా ఒకదానికొకటి ఆని నిలబడితే దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఆ పని కూడా ఒకటి కాదు. మంట నేరుగా తగిలి పొయ్యి ఒళ్లు వంకర పోకుండా కాపాడటం ఒకటి. వేడిని మళ్లీ మంట వైపే తిప్పికొట్టడం రెండోది, దీన్నే చాలామంది మరిచిపోతారు. కట్టె నుంచి వచ్చే పొగ మండాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి ఉండాలి. అస్తరు సరిగా లేని పొయ్యిలో ఆ పొగ మండకుండానే పైకి పోయి గొట్టంలో మసిగా పేరుకుంటుంది.

కాబట్టి పొయ్యి పూర్తిగా చల్లారాక టార్చి వేసి చూడండి. పగులు సందులోంచి వెనుక ఇనుము కనిపించినా, ముక్క ముందుకు వాలినా, వేలితో నొక్కితే పొడిగా రాలుతున్నా, మందం సగానికి అరిగినా ఆ ఒక్క ఇటుకను మార్చండి. ఇవేవీ లేకపోతే వదిలేయండి.

మార్చేటప్పుడు పాతది ఏ రకమో చూసుకోవడం ముఖ్యం. బరువుగా, గట్టిగా ఉంటే అది ఫైర్ బ్రిక్. తేలికగా, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా, లోపల మెరిసే రేకులతో ఉంటే వర్మిక్యులైట్ పలక. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టవద్దు. వర్మిక్యులైట్ వేడిని బయటికి పోనివ్వదు, బరువైన ఇటుక అంతగా ఆపలేదు. పలక తీసేసి ఇటుక పెడితే మంట చల్లబడి గాజు నల్లబడటం మొదలవుతుంది. మందం కూడా పాతదానితో సరిపోవాలి. ఫైర్ బ్రిక్ 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, ఒకటింపావు మందంలో విరివిగా దొరుకుతుంది కానీ అన్ని పొయ్యిలకూ అదే కొలత అనుకోకండి. కోయాల్సి వస్తే తడిపి కోయండి, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు చేటు. పొయ్యి చాలా పాతదై, లోపల తెల్లటి నార లాంటి పలకలో తాళ్లో ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు. దాన్ని గీకకుండా, కదపకుండా తెలిసినవారికి చూపించండి.

బిగించడం కష్టమేమీ కాదు. విప్పే ముందు ఒక ఫోటో తీసుకోండి. చాలా పొయ్యిల్లో మంటకు పైన అడ్డంగా ఉండే పలక పక్క ఇటుకల మీదే కూర్చుంటుంది, ముందు దాన్ని దించాలి. దాని మీద పేరుకున్న మసి మొత్తం నెత్తిన పడుతుంది, పాత చొక్కా వేసుకోండి. ఇటుకలను సాధారణంగా ఏ జిగురూ లేకుండా ఊరికే పేరుస్తారు. సాగడానికి చోటుండేలా కొంచెం వదులుగానే ఉంచాలి. సందులు పూడ్చక తప్పదనుకుంటే పొయ్యిల కోసమే అమ్మే ఫైర్ సిమెంటు వాడండి. కనీసం ఒక రోజు ఆరనిచ్చి, ఆ తర్వాత రెండు మూడు సార్లు చితుకులతో చిన్న మంట మాత్రమే పెట్టండి. తొందరపడితే అది బుడగలుగా పొంగుతుంది. కొత్త ఇటుకలు పెట్టినప్పుడూ ఇంతే, వాటిలోని తేమ మెల్లగా పోవాలి.

సరైన ఇటుక పెట్టాక కూడా మరుసటి ఏడు మాది సరిగ్గా అదే చోట మళ్లీ పగిలింది. అప్పుడు వచ్చింది అనుమానం, తప్పు ఇటుకది కాదేమోనని. నేను కోసే కట్టెలు పొయ్యి లోతుకు సరిసమానంగా ఉండేవి. తలుపు మూసుకోవడం లేదని రోజూ కాలితో చివరి తోపు తోసేవాణ్ని. ఆ దెబ్బంతా వెనుక ఇటుక మీదే! అప్పటి నుంచి కట్టెను లోతు కంటే రెండు మూడు అంగుళాలు తక్కువగా కోస్తున్నాను, విసరకుండా చేత్తో పెడుతున్నాను. ఇటుక మళ్లీ పగల్లేదు.

ఇంకో దొంగ తలుపు అంచున ఉండే తాడు. అది నలిగిపోతే గాలి అదుపు లేకుండా లోపలికి దూరి, మంట అవసరానికి మించి రేగి, అస్తరును త్వరగా తినేస్తుంది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. ఇట్టే జారి వచ్చేస్తే తాడు మార్చే సమయం వచ్చినట్టే. కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండేలా చూసుకోండి. అడుగు ఇటుకల మీద అంగుళం బూడిద ఎప్పుడూ ఉంచండి, మరీ తళతళా ఊడ్చేయకండి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఇంటి బయట పెట్టండి. అందులో నిప్పు రోజుల తరబడి దాగి ఉండగలదు.

మీ మూల పెచ్చు లోతు ఎంతో రాయలేదు. మందంలో సగం కంటే తక్కువైతే ఈ చలికాలం నడిపించేయండి. పగుళ్ల చివరలు ఎక్కడున్నాయో ఇప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకుంటే, నెల తర్వాత అవి పాకాయో లేదో పోల్చి చూసుకోవచ్చు.