ఎండ ఒక డిగ్రీ పెరిగితే కరెంటు వాడకం ఎంత పెరుగుతుంది? లాగ్‌బుక్కు రాసినవాడి జవాబు

మీరు అడిగినవి రెండు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కరెంటు వాడకం ఎంత శాతం పెరుగుతుంది, వాతావరణ మార్పుతో అది ఇంకెంత దూరం పోతుంది అని. ప్రాజెక్టు కోసమని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

నేను తిరుపతి చుట్టుపక్కల 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో (33 వేల వోల్టుల కరెంటును 11 వేలకు దించి ఊళ్లకు పంపే చోట) షిఫ్ట్ ఆపరేటర్‌గా పదిహేడేళ్లు చేశాను. గంటగంటకూ ఒక్కో ఫీడర్, అంటే ఒక్కో ప్రాంతానికి పోయే లైను, ఎన్ని ఆంప్స్ కరెంటు తీసుకుంటోంది, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎంత వేడెక్కింది అని లాగ్‌బుక్కులో రాయడం నా పని. డిగ్రీకి ఇంత శాతం అని ఒక్క అంకె చెప్పమంటే మాత్రం చెప్పలేను. డిసెంబరులో 24 నుంచి 27కి పెరిగితే మీటరు ముల్లు కదలదు. మేలో 38 నుంచి 41కి పోతే అదే మూడు డిగ్రీలకు షిఫ్టంతా పరుగులే. ఫ్యానుతో సరిపెట్టుకునే వేడి ఒకటి, ఫ్యాను కూడా వడగాలి కొట్టే వేడి ఇంకొకటి. ఆ గీత దాటాక జనం ఏసీ వేస్తారు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 1500 వాట్లు. ఒక గదిలో ఏసీ నొక్కితే ఇరవై ఫ్యాన్లు వేసినట్టే. బయట మరీ కాలిపోతుంటే లోపలి వేడిని బయటికి నెట్టడానికి కంప్రెసర్ ఎక్కువ కష్టపడుతుంది కాబట్టి, ఊళ్లో కొత్త ఏసీ ఒక్కటి రాకపోయినా యూనిట్లు పెరుగుతాయి.

అయితే నా ఉద్యోగంలో కళ్లముందు మారింది పగటి లోడు (లైను మీద పడే వాడకం) కాదు, రాత్రిది. చేరిన కొత్తలో రాత్రి పది దాటితే లోడు మెట్లు దిగినట్టు దిగేది. రెండు గంటలకు ఫ్రిజ్జులు, ఫ్యాన్లు తప్ప ఏమీ ఉండేవి కావు, మేమూ ఓ కునుకు తీసేవాళ్లం (ఇప్పుడు చెప్పుకుంటే తప్పేముంది). చివరి నాలుగైదేళ్లలో వేసవిలో కాలనీ ఫీడర్‌కు రాత్రి పదకొండున్నరే అసలు పీక్, అంటే అత్యధిక లోడు. తెల్లారి నాలుగుకి కూడా పెద్దగా తగ్గేది కాదు. పగలంతా కాగిన మేడలు రాత్రంతా వేడి కక్కుతాయి. మాకు పక్కనే శేషాచలం కొండ రాయి ఉంది, అదీ చల్లారదు. యాత్రికుల లాడ్జీలకు రాత్రి, పగలు తేడా లేదు.

ఇంజినీర్లు వాడే కూలింగ్ డిగ్రీ డే అనే లెక్కలో కూడా ఇది కనబడుతుంది. రోజు గరిష్ఠం, కనిష్ఠం సగటు తీసి, దాంట్లోంచి ఒక ఆధార ఉష్ణోగ్రత (అది దాటితేనే చల్లదనం కావాలి అనుకునే గీత) తీసేస్తారు. ఆధారం 24 అనుకోండి. పగలు 42, రాత్రి 26 అయితే సగటు 34, లెక్క 10. పగలు అదే 42 ఉండి రాత్రి 30 దగ్గర ఆగిపోతే లెక్క 12. పేపర్లో హెడ్డింగు మాత్రం రెండు రోజులూ ‘42 డిగ్రీలు’ అనే వస్తుంది.

రాత్రి చల్లబడకపోతే ఇంకో కష్టం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా రాత్రే విశ్రాంతి. లోపల వైండింగ్‌కు, అంటే తీగ చుట్టలకు, చుట్టిన కాగితం అతి వేడైన చోట 98 డిగ్రీలు దాటాక, ప్రతి 6 డిగ్రీలకూ అది ముసలయ్యే వేగం రెట్టింపవుతుందని మాకు ట్రైనింగులో చెప్పారు. అంటే ఏ రోజు చుట్టూ గాలి వేడిగా ఉంటుందో, సరిగ్గా ఆ రోజే మనం దాని మీద ఎక్కువ లోడు వేస్తున్నాం.

ఒక ఏడాది గంగజాతర రోజుల్లో రాత్రి పన్నెండుకి కాలనీ ఫీడర్ ట్రిప్పయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. లైన్‌మన్ వెళ్లి కాలిపోయిన జంపర్ (లైన్లను కలిపే తీగ ముక్క) సరిచేసేసరికి గంట పైనే పట్టింది. ఫీడర్‌కు కరెంటిచ్చే బ్రేకర్ వేశాను. నిలవలేదు, మళ్లీ కొట్టేసింది. లైన్‌మన్ ఫోన్‌లో, ‘లైన్ల ఫాల్టేమీ లేదన్నా, నేను అంతా చూసుకోనొచ్చినా. ఒక్కసారిగా అందరి ఏసీలూ అందుకుంటా ఉండాయి’ అన్నాడు. నిజమే. మామూలుగా ఏసీలు వంతులవారీగా ఆగుతూ, తిరుగుతూ ఉంటాయి. గంటసేపు కరెంటు పోతే అన్ని గదులూ వేడెక్కి, రాగానే అన్నీ కలిసి లాగుతాయి. చివరికి మధ్యలో లైనును విడదీసే ఏబీ స్విచ్ తీయించి, సగం కాలనీకి ముందు ఇచ్చి, పావుగంట ఆగి మిగతా సగానికి ఇచ్చాం. ఆ పావుగంటలో నాకొచ్చిన ఫోన్ల సంగతి అడగొద్దు.

ఇక పల్లె లోడు. మాది పాకాల పక్క. మా నాయన కాలంలో ముప్పై అడుగుల బావిలో నీళ్లుండేవి. వానలు సరిగా పడని ఏళ్లల్లో బోర్లలో నీళ్లు మూడు వందల అడుగులకు దిగిపోయాయి. వెయ్యి లీటర్లను అంత లోతు నుంచి పైకి తేవాలంటే భౌతికశాస్త్రం లెక్కకే పావు యూనిట్, పంపు, మోటారు నష్టాలు కలిపితే అర యూనిట్. ముప్పై అడుగుల నుంచైతే అందులో పదోవంతు. వ్యవసాయానికి పగటిపూట 9 గంటలే ఇస్తారు కదా, వాడకం ఎట్లా పెరుగుతుంది అంటారేమో. గంటలు పెరగవు, మోటారు హార్స్‌పవర్ పెరుగుతుంది. ఐదు ఉన్నచోట ఏడున్నర దించుతారు. కాబట్టి ఎండతోపాటు వాన లోటు కూడా కరెంటు లెక్కలోకి రావాలి.

వాతావరణ మార్పు విషయానికొస్తే, 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత పెరిగింది సుమారు 0.7 డిగ్రీలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ సగటు కాస్త జరిగినా గీత దాటే గంటలు చాలా పెరుగుతాయి, అవి ముందుగా కూడా వస్తాయి. 2022 మార్చి నెల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటులో 1901 తర్వాత దేశంలోనే అత్యధికం. మేము వేసవికి ముందు చేసుకునే ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఫిల్టరింగు, జంపర్లు బిగించడం పూర్తికాకముందే లోడు మీద పడింది. ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే (కరెంటు కోత రోజు) ఇచ్చారు. అదంతా ఎండ వల్లేనని మీ రిపోర్టులో రాయకండి. బొగ్గు కొరత ఉంది, కరోనా తర్వాత ఫ్యాక్టరీలు పుంజుకున్నాయి, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయల దాకా పోతే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 దగ్గర కట్టడి చేయాల్సి వచ్చింది. దేశం మొత్తం మీద 2024 మే 30న డిమాండు 250 గిగావాట్లు తాకింది. అప్పుడూ వడగాలులే.

వాన పడితే లోడు పడిపోతుందని అందరూ అంటారు. మేలో అయితే నిజం, అరగంటలో దిగుతుంది. సెప్టెంబరులో మాత్రం నమ్మకండి. 34 డిగ్రీలే ఉన్నా ఉక్కపోతకు ఏసీలు ఆగవు, గాలిలో తేమను పిండడానికి కూడా కరెంటు కావాలి కదా.

డేటా తీసేటప్పుడు గరిష్ఠంతో పాటు రాత్రి కనిష్ఠం, గాలిలో తేమ, అంతకుముందు రెండు రోజుల వేడి తీసుకోండి. గోడలు ఒక్కరోజులో కాగవు, మూడోరోజు లోడే ఎక్కువగా ఉండేది. మా ఊరి ఫీడర్లు తీసుకుంటే తిరుమల రద్దీ రోజులు వేరే గుర్తు పెట్టుకోండి. లేకపోతే వైకుంఠ ఏకాదశి చలిలో లాడ్జీల గీజర్ల లోడు చూసి, అదేమిటో తెలియక బుర్ర గోక్కుంటారు.